ముందు పడటం నేర్చుకోండి: ఇండోర్ బౌల్డరింగ్ మొదలుపెట్టేవాళ్ళ కోసం

సింగపూర్ అయినా, డాలస్ అయినా, మెల్‌బోర్న్ అయినా ఇప్పుడు పిల్లల పుట్టినరోజు పిలుపు క్లైంబింగ్ జిమ్‌కి రావడం మామూలైపోయింది. పిల్లల్ని లోపలికి పంపి, కాఫీ కప్పుతో బయట బల్ల మీద కూర్చునే తల్లుల్లో నేనూ ఒకదాన్ని. ఇప్పుడు లోపలే ఉంటున్నాను. మధ్యలో ఒక మణికట్టు బెణికింది. నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

మేం ఉండేది దలాలో. యాంగూన్‌లో పాన్సొడాన్ జెట్టీ దగ్గర ఫెర్రీ ఎక్కి నది దాటితే వచ్చే ఊరు మాది. డెల్టా నేల కాబట్టి చుట్టుపక్కల చిన్న గుట్ట కూడా కనిపించదు. అందుకే నేను నేర్చుకున్నదంతా సింగపూర్‌లో, సెలవులకి మా ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడే.

బౌల్డరింగ్ అంటే

తాడు, నడుముకి బెల్టు ఏమీ లేకుండా తక్కువ ఎత్తున్న గోడ ఎక్కడమే బౌల్డరింగ్. జిమ్‌లలో గోడ ఎత్తు సాధారణంగా 4 నుంచి 4.5 మీటర్లు ఉంటుంది. కింద నేలంతా 30 సెంటీమీటర్లో, అంతకన్నా ఎక్కువో మందమున్న ఫోమ్ పరుపు పరిచి ఉంటుంది. తాడుతో ఎక్కేదానికి తోడుగా ఇంకొకరు కావాలి, తాడు పట్టడం వాళ్ళకి వచ్చి ఉండాలి. బౌల్డరింగ్‌కి బూట్లు, చేతులకి పొడి ఉంటే చాలు. అందుకే కొత్తవాళ్ళు ఎక్కువగా దీంతోనే మొదలుపెడతారు.

బౌల్డర్ అంటే బండరాయి. మన వైపు కొన్నిచోట్ల గుండు అంటారు. ఫ్రాన్స్‌లో ఫాంటెన్‌బ్లో అడవిలోని ఇసుకరాతి బండల మీద ఎదిగిన ఆట ఇది. మనకి దగ్గర్లో హంపి బండల కోసం ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో వస్తారు. హైదరాబాద్ ఖాజాగూడ గుట్టల్లో కూడా ఎక్కుతారు. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. 2014 మే 25న, 13 ఏళ్ళ వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదటి శిక్షణ కూడా భువనగిరి గుట్ట మీదే. కాబట్టి రాయి ఎక్కడం మనవాళ్ళకి కొత్త కాదు, గదిలో ఎక్కడమే కొత్త.

ఒలింపిక్స్‌లో క్లైంబింగ్ 2021లో జరిగిన టోక్యో పోటీలతో మొదలైంది. 2024 పారిస్ దాకా బౌల్డరింగ్‌ని ఇతర విభాగాలతో కలిపి ఒకే పతకం ఇచ్చారు. 2028 లాస్ ఏంజెలెస్‌లో బౌల్డరింగ్‌కి విడిగా పతకం ఉంటుంది.

నేను చేసిన పొరపాటు

మొదటిసారి వెళ్ళినప్పుడు కౌంటర్ దగ్గర ఒక వీడియో చూపించారు. ఎలా పడాలో చెప్పే వీడియో అది. ఫోన్ చూసుకుంటూ సగం వదిలేశాను. ఎక్కేది మా అమ్మాయి, నేను కాదు కదా అని. అరగంట తర్వాత మా ఆడపడుచు "వదినా, ఒక్కసారి ఎక్కి చూడు" అంటే సరదాగా ఎక్కాను. నేలకి నా కాళ్ళు ఒకటిన్నర మీటరు ఎత్తులో కూడా లేవు. పట్టు జారింది. పడేటప్పుడు కుడి చెయ్యి వెనక్కి పెట్టాను.

ఎముక విరగలేదు, బెణికింది. అయినా నెలకి పైగా బట్టలు పిండలేకపోయాను, పిండి కలపలేకపోయాను. చేతికి కట్టుతో ఫెర్రీ దిగుతుంటే మా అత్తగారు "గోడలెక్కే వయసా ఇది?" అన్నారు. ఆ మాటకి నాకు నవ్వే వచ్చింది. నవ్వు రానిది మా అమ్మాయి సంగతి. 9 ఏళ్ళ పిల్ల, అంతవరకు ఆ గోడ వదిలి రానని ఏడ్చింది, నేను పడటం చూశాక మళ్ళీ ఎక్కనంది. చిన్నప్పటినుంచి మనం పిల్లలకి చెప్పేది "పడతావ్, జాగ్రత్త" అనే. పడితే ఏం చేయాలో చెప్పం. నాకూ ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి జిమ్‌వాళ్ళు సిద్ధంగా ఉంటే నేనే వినలేదు.

ఎలా పడాలి

నేను చదివింది బీఎస్సీ. లెక్క వేసి చూశాను. కాళ్ళు ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి జారితే నేలని తాకే వేగం సెకనుకి సుమారు 5.4 మీటర్లు, అంటే గంటకి దాదాపు 20 కిలోమీటర్లు. 3 మీటర్ల నుంచి అయితే గంటకి 28 దాకా వస్తుంది. ఆ వేగాన్ని ఎంత దూరంలో ఆపుతామన్నదే అసలు సంగతి. ఆగే దూరం రెట్టింపైతే ఒంటి మీద పడే సగటు బలం సుమారు సగానికి తగ్గుతుంది. పరుపు కొంత దూరం ఇస్తుంది, మిగతాది మోకాళ్ళు వంచి, వెనక్కి దొర్లి మనమే ఇవ్వాలి. మణికట్టులో ఉండేవి 8 చిన్న ఎముకలు. ఒంటి బరువంతా వాటి మీద వేస్తే అవి ఆపలేవు.

పడే పద్ధతి ఇది:

1. రెండు పాదాలూ ఒకేసారి నేలకి తాకాలి. మోకాళ్ళు కొద్దిగా వంగి ఉండాలి, బిగబట్టి నిటారుగా ఉంచకూడదు.
2. తాకగానే ఇంకా వంగి, పిరుదుల మీదుగా వీపు మీదకి దొర్లాలి. నిలబడిపోవాలని ప్రయత్నించకూడదు.
3. చేతులు ఛాతీ మీద పెట్టుకోవాలి. వెనక్కిగానీ పక్కకిగానీ చాపకూడదు.
4. గడ్డం ఛాతీకి ఆనించాలి. తల వెనక్కి కొట్టుకోదు.

ముందు నేల మీద నిలబడి పదిసార్లు, తర్వాత అర మీటరు ఎత్తు నుంచి, ఆ తర్వాత మీటరు నుంచి చేయాలి. మణికట్టు తగ్గి, డాక్టరు సరే అన్నాక రెండోసారి వెళ్ళినప్పుడు 20 నిమిషాలు నేను ఇదే చేశాను, మా అమ్మాయి బల్ల మీద కూర్చుని చూస్తుండగా. ఇంకో మాట, పడకుండా దిగే వీలున్నప్పుడు దిగడమే మేలు. పైకి చేరాక దూకేయకుండా పెద్ద పట్లు పట్టుకుంటూ కిందికి రండి.

ఏం వేసుకోవాలి, ఏం తీసేయాలి

వదులుగా సాగే ట్రాక్ ప్యాంటు, టీ షర్టు చాలు. చున్నీ వద్దు. జడ ముడి వేసుకోవాలి. ఉంగరాలు తప్పనిసరిగా తీసేయాలి. పట్టులో ఉంగరం ఇరుక్కుని ఒంటి బరువు దాని మీద పడితే వేలి చర్మం ఊడివచ్చేంత గాయమవుతుంది. గాజులు, గొలుసులు, పొడవాటి చెవి లోలకులు కూడా తీసేయాలి. మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివాళ్ళు ఈ సంగతి ఇంట్లోనే ఆలోచించుకుని వెళ్ళడం మంచిది. నేను నల్లపూసలు, మెట్టెలు చిన్న సంచిలో వేసి లాకర్లో పెడతాను. మెట్టెలతో క్లైంబింగ్ బూట్లు వేసుకుంటే నొప్పికి రెండు నిమిషాలు కూడా నిలబడలేం.

బూట్లు జిమ్‌లో అద్దెకిస్తారు. మామూలు బూట్లకన్నా బిగుతుగా, వేళ్ళు ముందుకి తగిలేలా ఉండాలి, కానీ కన్నీళ్ళు రాకూడదు. మొదటి నాలుగైదుసార్లు అద్దెవే వాడండి, తర్వాతే కొనండి. చేతులకి రాసుకునే తెల్లపొడి మెగ్నీషియం కార్బొనేట్. చెమటని పీల్చి పట్టు జారకుండా చూస్తుంది. జిమ్నాస్టిక్స్‌లో వాడే ఈ పొడిని 1950లలో క్లైంబింగ్‌లోకి తెచ్చింది అమెరికా గణిత ఆచార్యుడు జాన్ గిల్. పొడి ఎక్కువ రాస్తే పట్టు పెరగదు, గాలిలో దుమ్ము పెరుగుతుంది.

గోడని చదవడం

గోడ మీద రంగురంగుల పట్లు ఉంటాయి. ఒకే రంగువన్నీ కలిపి ఒక దారి. దాన్ని ప్రాబ్లం అంటారు, లెక్కల్లోలాగే. మొదలుపెట్టే పట్టు దగ్గర చీటీ ఉంటుంది, పైన ఆఖరి పట్టుని రెండు చేతులతో పట్టుకుని నిలిస్తే అయిపోయినట్టు.

పట్ల పేర్లు నాలుగు తెలిస్తే చాలు. బిందె అంచు పట్టుకున్నట్టు నాలుగు వేళ్ళూ లోపలికి వెళ్ళేది జగ్. వేళ్ళ కొసలు మాత్రమే ఆనేది క్రింప్. బోర్లించిన గుండిగలా నున్నగా, అంచు లేకుండా ఉండేది స్లోపర్. ఇటుకలా బొటనవేలితో కలిపి నొక్కి పట్టేది పించ్. కొత్తవాళ్ళు జగ్‌ల దారులే వెతుక్కోవాలి.

కష్టాన్ని సూచించే వి స్కేలు 1990లలో టెక్సస్‌లోని హ్యూకో ట్యాంక్స్ బండల దగ్గర జాన్ షెర్మన్ తెచ్చింది. అందరికన్నా కొత్తవాళ్ళకి వీబీ, తర్వాత వి0, వి1 అలా పెరుగుతూ పోతుంది. యూరప్‌లో ఫాంటెన్‌బ్లో పేరుతో ఇంకో స్కేలు ఉంది. చాలా జిమ్‌లు తమ సొంత రంగుల లెక్క పెట్టుకుంటాయి, గోడ మీద పట్టిక ఉంటుంది. ఒక జిమ్‌లో ఎక్కగలిగిన స్థాయి ఇంకో జిమ్‌లో రాకపోవచ్చు. దానికి బాధపడక్కర్లేదు.

మొదటి రోజు ఎలా గడపాలి

పది నిమిషాలు భుజాలు, మణికట్లు, తుంటి కదిలించి ఒళ్ళు వేడెక్కించండి. పడటం సాధన చేయండి. తర్వాత తేలికైన దారులు ఐదారు, ఒక్కోదాని మధ్య రెండు మూడు నిమిషాల విశ్రాంతితో. మొత్తం గంట, గంటన్నర చాలు.

చేతులతో ఒంటిని లాగాలనుకోవడం అందరూ చేసే తప్పు. మెట్లెక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని ఒళ్ళు లాక్కోం కదా, కాళ్ళే ఎక్కిస్తాయి. ఇక్కడా అంతే. చేతులు వీలైనంత నిటారుగా ఉంచి, బొటనవేలి కొసతో పట్టు మీద నిలబడి, నడుము గోడకి దగ్గరగా ఉంచి, కాలితో పైకి లేవాలి. ముందు కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుని, తర్వాత చెయ్యి.

వారానికి రెండుసార్లకి మించొద్దు, మధ్యలో రెండు రోజులు విరామం ఇవ్వండి. కండరాలు కొన్ని వారాల్లోనే బలపడతాయి, వేళ్ళలోని స్నాయువులకి నెలలు పడుతుంది. బలం వచ్చిందనుకుని తొందరపడితే వేలి దగ్గర టప్పున తెగేది అవే. గర్భిణులు బౌల్డరింగ్ చేయకూడదు. ఆపరేషన్లు, ఎముకల బలహీనత, నడుం నొప్పి ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి వెళ్ళాలి.

పిల్లలతో వెళ్తే

పరుపు ఆటస్థలం కాదు. ఎవరైనా పైన ఉంటే కింద నడవకూడదు, కూర్చోకూడదు, నీళ్ళ సీసా పెట్టకూడదు. పెద్దమనిషి పిల్ల మీద పడితే పరుపు కాపాడదు. సంతకం పెట్టమని ఇచ్చే కాగితం పూర్తిగా చదవండి. ఎదిగే పిల్లల వేలి ఎముకల చివర్లలో పెరుగుదల పొర మెత్తగా ఉంటుంది. వేళ్ళతో వేలాడే హ్యాంగ్ బోర్డు, కాళ్ళు ఆనకుండా ఎగిరి పట్టుకునే క్యాంపస్ బోర్డు వాళ్ళకి వద్దు. వేలి కీలు నొప్పి అంటే ఆటలో మామూలే అని వదిలేయకుండా డాక్టరుకి చూపించండి.

జిమ్ దగ్గర్లో లేనివాళ్ళకి

మాలాగా నెలల తరబడి గోడ కనిపించనివాళ్ళు ఇంట్లో చేయగలిగినవి ఉన్నాయి. గుంజీలు, ఒంటికాలి మీద నిలబడటం, గట్టి కడ్డీ పట్టుకుని పది సెకన్లు వేలాడటం, నేల మీద ప్లాంక్. వీటితో పాటు రెండు దూది పరుపులు ఒకదాని మీద ఒకటి వేసి, నిలబడ్డ చోటునుంచే వీపు మీదకి దొర్లడం. ఎత్తు నుంచి మాత్రం ఇంట్లో దూకకండి, ఆ పరుపులు అందుకు చాలవు.

మా అమ్మాయి ఆ రెండోసారి కూడా గోడ ఎక్కలేదు. మూడో రోజు బూట్లు అడిగింది. మీటరు ఎత్తు ఎక్కి, వదిలేసి, చేతులు ఛాతీకి పెట్టుకుని దొర్లింది. ఆ రోజంతా అంతే, పైకి పోలేదు. నేనూ పొమ్మనలేదు. ఇప్పుడు దలాలో రాత్రి పరుపులు వేయగానే ముందు తను దొర్లుతుంది, తర్వాత నన్ను నిలబెట్టి "చెయ్యి వెనక్కి పెట్టకమ్మా" అని చెబుతుంది.