క్లినిక్ బయట పుట్టిన మాట

గుంటూరు బ్రాడీపేటలో అడ్రస్ అంటే రెండంకెలు: లైను, అడ్డరోడ్డు. 4/14 అంటే చాలు, ఆటో అతను ఇంకేం అడగడు. ఆస్పత్రులూ ల్యాబులూ కిక్కిరిసిన ఆ వీధుల్లోకి నరసరావుపేట నుంచో ఒంగోలు నుంచో "మావాడికి ఇంకా మాటలు రాలేదండీ" అంటూ వచ్చే తల్లిదండ్రులకి ఇంకో అంకె కూడా తెలియాల్సి వస్తుంది: 40 శాతం. సర్టిఫికెట్లో వైకల్యం అంతకి తగ్గితే 2016 చట్టం ఇచ్చే రిజర్వేషన్ వర్తించదు.

అసలు చట్టంలోకి ఆటిజం రావడానికే చాలా ఏళ్ళు పట్టింది. మాస్కోలో గ్రున్యా సుఖరేవా 1925లోనే అలాంటి పిల్లల గురించి రాసింది. అమెరికాలో లియో కానర్ 1943లో రాశాడు. మన 1995 చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో కనిపించింది. 2016లో 21 వైకల్యాల జాబితాలో చేరింది. 1984లో సికింద్రాబాద్‌లో పెట్టిన జాతీయ సంస్థ పేరులోనే చాలాకాలం "మానసిక వికలాంగులు" అని ఉండేది. ఇదంతా డాక్టర్లూ ప్రభుత్వాలూ పేర్లు పెట్టిన చరిత్ర.

న్యూరోడైవర్సిటీ చరిత్ర వేరు. 1990లలో ఆటిజం ఉన్నవాళ్ళే ఇంటర్నెట్లో ఒకరినొకరు వెతుక్కుని, "మేం చెడిపోయిన మెదళ్ళం కాదు, వేరే రకం మెదళ్ళం" అన్న ఆలోచనని మాటల్లో పెట్టారు. 1998లో సిడ్నీలో జూడీ సింగర్ సోషియాలజీ థీసిస్‌లో ఆ మాట వాడింది. అదే ఏడాది హార్వీ బ్లూమ్ ది అట్లాంటిక్ పత్రికలో రాశాడు. సింగరే ఆ మాట పుట్టించిందని చాలాకాలం అనుకున్నారు. కాదు, అది అందరూ కలిసి పెంచిన ఆలోచన అని 2024లో కొందరు పరిశోధకులు "ఆటిజం" జర్నల్‌లో సరిదిద్దారు.

సామాజికశాస్త్రం ఇక్కడ అడిగే ప్రశ్న సూటిగా ఉంటుంది: ఇబ్బందిలో మెదడు వాటా ఎంత, చుట్టూ ఉన్న బడి, ఆఫీసు, బంధువుల వాటా ఎంత? సికింద్రాబాద్ సంస్థ తయారుచేసిన ఆటిజం స్కేలులో 40 అంశాలున్నాయి. వాటిలో ఒకటి, కళ్ళలోకి చూడకపోవడం. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు తిడుతున్నప్పుడు కళ్ళలోకి చూస్తే "ఏంట్రా ఆ చూపు?" అంటారు. డాక్టర్ అనుభవం ఈ తేడాని పట్టుకోగలదు. కానీ ఆ తేడాని పరిశోధించాల్సింది మనుషుల మధ్య తిరిగేవాళ్ళు. శుభాంగి వైద్య 2016లో ఢిల్లీ కుటుంబాల మీద రాసిన పుస్తకం అలాంటిదే.

మరి ఆ పరిశోధన ఎవరికి చేరుతోంది? పిల్లల నాడీ వికాస సమస్యల మీద దేశంలో ఐదు చోట్ల 3,964 మంది పిల్లల్ని చూసి చేసిన అధ్యయనం 2018లో ప్లాస్ మెడిసిన్‌లో వచ్చింది. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. ఆ పేపర్ ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. డబ్బు అక్కర్లేదు, ఇంగ్లీషు మాత్రం రావాలి.

తెలుగులో "నాడీ వైవిధ్యం" అంటే అర్థం సరిపోతుంది. కానీ మనకి నాడి అనగానే మణికట్టు మీద వైద్యుడి వేళ్ళే గుర్తొస్తాయి. క్లినిక్ బయట పుట్టిన మాటని మనమే మళ్ళీ క్లినిక్కి పంపుతున్నామేమో. ఇళ్ళల్లో ఉన్న మాటలు వేరు: తిక్క, మొద్దు, "వాడిదో లోకం." మొదటి రెండూ తిట్లే. మూడోది కొట్టిపారేయడానికీ, ముద్దు చేయడానికీ కూడా వాడతాం. వాడికో లోకం ఉందని ఒప్పుకునేది అదొక్కటే.

సరైన మాట నిఘంటువు సంఘం నుంచి రాకపోవచ్చు. ఆ లోకంలో ఉన్నవాళ్ళ నుంచే రావాలి. అందుకు ముందు జరగాల్సింది చిన్న పని: ఆ తల్లుల దగ్గర తెలుగులో ఇంటర్వ్యూలు తీసుకున్నవాళ్ళు, ఏం తేలిందో కూడా వాళ్ళకి తెలుగులోనే చెప్పాలి.