మొగలుల కాశ్మీర ప్రస్థానాలు: వేసవి విడిది మార్గంలో ప్రమాదాలు

ప్రస్తావన

1586లో అక్బరు సేనలు కాశ్మీరాన్ని జయించిన తరువాత ఆ లోయ మొగలు చక్రవర్తులకు వేసవి విడిదిగా మారింది. వసంతంలో కొండలెక్కి, చలి ముదరకముందే మైదానాలకు దిగిరావడం జహంగీరు కాలానికి ఇంచుమించు ఆచారమయింది. ఈ విడిదిని గురించిన రచనల్లో షాలిమార్, నిషాత్ ఉద్యానవనాల వర్ణన విస్తారంగా కనిపిస్తుంది. ఆ వనాలకు చేర్చిన దారినిగురించి చెప్పేది తక్కువ. ఆ దారిలో జరిగిన రెండు ప్రస్థానాల ప్రమాదాలను పరిశీలించి, అవి కేవలం దైవికాలు కావనీ, రాజగృహాన్ని యథాతథంగా తరలించాలన్న పద్ధతిలోనే వాటి మూలముందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తరలే రాజగృహం

చక్రవర్తి ప్రయాణమంటే ఒక నగరం కదలడమే. ఒక విడిది సామగ్రిని మోయడానికి 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది మోతగాళ్లు కావాలని అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో లెక్క చెప్పాడు. డేరాలు రెండు జతలుగా ఉండేవి. చక్రవర్తి ఒక మజిలీలో ఉండగానే రెండవ జత ముందు మజిలీకి చేరి సిద్ధమయ్యేది. ఉదయం ఒక ఇల్లు విడిచినవాడు సాయంత్రం అదే ఇంట అడుగుపెట్టినట్లుండేది. ప్రయాణాన్ని ప్రయాణంగా తెలియనీయకపోవడమే ఈ ఏర్పాటు పరమార్థం.

మైదానంలో ఈ ఏర్పాటు చక్కగా సాగింది. భింబర్ వద్ద కొండలు మొదలవగానే పరిస్థితి మారేది. పీర్ పంజాల్ కనుమ దారి ఇరుకు, నిటారు. ఒంటెలు ఆ దారిన నడవలేవు, బండ్ల మాట చెప్పనక్కరలేదు. వాటి బరువంతా మనుషుల వీపులమీదికి వచ్చింది. ఔరంగజేబు ప్రస్థానంలో పాల్గొన్న ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియే ఒక్క చక్రవర్తి సామగ్రికే 6,000 మంది, మొత్తంమీద 30,000 మంది మోతగాళ్లు అవసరమని అంచనా కట్టారని రాశాడు. కాశ్మీరంలో ఆహారం కొరవడకుండా పరివారంలో అధికభాగాన్ని భింబర్ వద్దనే నిలిపివేసిన తరువాతి లెక్క ఇది.

1627: కాలిబంటు మరణం, చక్రవర్తి మరణం

అనారోగ్యంతో కాశ్మీరం వెళ్లిన జహంగీరు 1627లో తిరుగు ప్రయాణంలో బైరంకల్లా వద్ద వేటకు ఆగాడు. జింకకోసం కొండ అంచుకు వెళ్లిన ఒక కాలిబంటు కాలుజారి పడి మరణించాడు. ఈ సంఘటన చక్రవర్తిని తీవ్రంగా కలచివేసిందనీ, మృతుని తల్లిని పిలిపించి ధనమిచ్చినా ఆయన మనసు కుదుటపడలేదనీ మోతమద్ ఖాన్ ‘ఇక్బాల్‌నామా’లో నమోదు చేశాడు. కొద్దిరోజులకే, రాజౌరీ దాటిన తరువాత, జహంగీరు దారిలోనే మరణించాడు. ఆయన దేహాన్ని లాహోరుకు తరలించి షాదరాలో ఖననం చేశారు.

ఇక్కడ గమనించవలసిన అంశమొకటి ఉంది. కాలిబంటు మరణం గ్రంథస్థం కావడానికి కారణం అది చక్రవర్తి మరణానికి శకునంగా కనిపించడమే. అతని పేరు మాత్రం గ్రంథానికెక్కలేదు. ఆ కొండదారిలో శకునాలు కాలేకపోయిన మరణాలు ఎన్ని జరిగాయో లెక్కించే ఆధారం లేదు.

ఔరంగజేబు ప్రస్థానం: ఏనుగుల పతనం

రెండవ ప్రమాదాన్ని బెర్నియే వివరించాడు. అతని లేఖలపై 1664-65 నాటి తేదీలున్నా, ఈ ప్రస్థానం 1663లో జరిగిందని చరిత్రకారులు నిర్ణయించారు. అంతఃపుర స్త్రీలను మోస్తున్న ఏనుగులు పీర్ పంజాల్ ఎక్కుతుండగా ముందున్న ఏనుగు బెదిరి వెనకడుగు వేసింది. దాని తాకిడికి వెనుకది, దాని వెనుకది వరుసగా తూలాయి. తిరగడానికి చోటు లేని దారిలో 15 ఏనుగులు లోయలో పడ్డాయి. ముగ్గురో నలుగురో స్త్రీలు మరణించారని, ఏనుగులను మాత్రం రక్షించే వీలు లేకపోయిందని బెర్నియే రాశాడు. రెండు రోజుల తరువాత తాను ఆ దారిన పోతున్నప్పుడు కొన్ని ఏనుగులు ఇంకా తొండాలు కదలిస్తూనే ఉన్నాయట.

ఏనుగు బెదరడం యాదృచ్ఛికం. ఒక ఏనుగు బెదిరితే పదిహేను పడిపోయేటట్లు వాటిని ఇరుకుదారిలో వరుసగా నడిపించడం యాదృచ్ఛికం కాదు. మైదానపు వైభవాన్ని కొండదారిలోనూ నిలుపుకోవాలన్న పట్టుదల ఫలితమది.

ఈ వర్ణనలోని లెక్కలు కూడా ఆలోచింపజేస్తాయి. ఏనుగుల సంఖ్య కచ్చితంగా పదిహేను. స్త్రీల సంఖ్య ‘ముగ్గురో నలుగురో’. మావటుల సంఖ్య లేనే లేదు. ఔరంగజేబు ఆ తరువాత 1707లో మరణించేవరకు మరల కాశ్మీరం వెళ్లలేదు. దానికి ఈ ప్రమాదమొక్కటే కారణమని చెప్పడం సాహసమవుతుంది.

తెలుగు యాత్రా సాహిత్యానికి అన్వయం

మజిలీ, మకాం, డేరా అన్న మాటలు పారసీక పరిపాలనా భాష ద్వారా తెలుగులో స్థిరపడ్డాయి. ఈ పదజాలంలో ఆగే చోటికీ, ఆగినవారికీ ప్రాధాన్యం. మోసినవాడికి మనకు బోయీ అన్న మాట ఉంది. 1830-31లో సాగిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రలో బోయీలు కనిపిస్తారు. అది రాజప్రస్థానం కాదు, వేసవి విడిదికి పోయినదీ కాదు. అయినా మజిలీల పట్టికగా చదివే ఆ గ్రంథాన్ని మోతగాళ్ల శ్రమకు సాక్ష్యంగా కూడా చదవవచ్చునని కాశ్మీర ప్రస్థానాల పరిశీలన సూచిస్తుంది.

ముగింపు

మొగలుల వేసవి విడిది సౌఖ్యం ఇల్లు కదిలినా కదలనట్లుండే ఏర్పాటుపై ఆధారపడింది. ఆ ఏర్పాటు భింబర్ దాటిన తరువాత మనుషుల వీపులమీద నిలిచింది. ప్రమాదాలు జరిగినప్పుడు హోదానుబట్టి నమోదులు జరిగాయి: చక్రవర్తికి సమాధి, ఏనుగులకు సంఖ్య, కాలిబంటుకు తల్లి చేతిలో కొంత ధనం. ముప్పైవేలమంది మోతగాళ్లకు మిగిలింది అంచనా లెక్క మాత్రమే. విడిది చరిత్రను ఉద్యానవనంతో గాక కనుమ దారితో ప్రారంభించినప్పుడే ఈ అసమానత స్పష్టమవుతుంది.