గాబు అడుగున చిల్లి కానీ

పత్తికట్టె ఇంకో నాలుగు పుల్లలు ఎయ్యరా, మంట తగ్గుతోంది. మిరపకట్టె మాత్రం ఎయ్యమాకు. దాంట్లో ఎక్కడో ఒక కాయ మిగిలే ఉంటది, ఆ కోరుకి అందరం దగ్గి చస్తాం. ఊఁ, ఇప్పుడు చెప్పు. ట్యాంకు మూత తీస్తే ఏం కనపడింది? బెత్తెడు మడ్డా! మూడేళ్ల నుంచి ఆ నీళ్లేగా మనం నెత్తిన పోసుకుంటంది.

మా అత్త ఉంటేనా, మీ నాన్నని మెట్ల మీదే నిలబెట్టి కడిగేసేది.

సాగరు కుడికాలవకి 1967లో నీళ్లొదిలారు. దానికి రెండేళ్ల ముందు నేనీ రాజుపాలెం కోడలుగా వచ్చాను. అప్పుడు పెరట్లో బావే మాకు కాలవ, కుళాయి, ట్యాంకు అన్నీ. ఒరంతా నాపరాయి. బావి పక్కనే గాబు. నాలుగు నాపబండలు నిలబెట్టి, సందులకి గానుగ సున్నం మెత్తి కట్టింది. పక్కనే పిడుగురాళ్లాయె, సున్నానికేం కొదవ? అడుగుబండని ఒక మూలకి వాలుగా వేశారు. ఆ మూల బొటనవేలంత బెజ్జం, దానికి గుడ్డ చుట్టిన కొయ్య బిరడా. గాబు పనితనమంతా ఆ వాటంలోనే ఉందని నాకు తర్వాతగానీ తెలియలేదు.

కాపరానికొచ్చిన మూడోరోజు మా అత్త చిల్లి కానీ ఒకటి తెచ్చి గాబులో పడేసింది. యుద్ధం రోజుల్లో రాగికి కరువొచ్చి నడిమధ్య చిల్లితో కొట్టిన కానీ అది. ‘ఇదుగో కోడలా, ఈ చిల్లి ఎప్పుడు చూసినా కనపడాలి. మసకేసిందా, శుక్రవారం దాకా ఆగొద్దు. బిరడా లాగెయ్’ అంది. అదే నాకు తాళంచెవుల గుత్తి, అదే పెత్తనం.

ఎట్లా కడిగేవాళ్లమో చెప్తా వినండి. సగం నీళ్లుండగానే కొబ్బరిపీచుతో అడుగంతా కదిపి బిరడా లాగేదాన్ని. నీళ్లు సుడి తిరుగుతా పోతా పోతా మడ్డిని తోడు తీసుకుపోయేవి. ఊరికే నీళ్లన్నీ వదిలేస్తే మడ్డి అడుగున పేరుకుంటది, కదిపి వదిలితేనే పోద్ది. ఆ నీళ్లు కాలవ మీదుగా అరటి పాదుల్లోకి. ఆ తర్వాత బూడిద, ఇటుకపొడి వేసి గోడలు రుద్దాలి. ‘అడుగే కాదు, గోడలు రుద్దు’ అని అత్త నస పెట్టేది. ముసలమ్మ చాదస్తం అనుకునేదాన్ని. మొన్న నువ్వే చెప్పావుగా అమ్మాయ్, మీ నర్సింగు పాఠంలో వచ్చిందని? డెంగీ దోమ గుడ్లు నీళ్ల గట్టున గోడకి అతుక్కుని ఉంటయ్యంట. నీళ్లెండినా నెలల తరబడి చావవంట. తడి తగిలితే వారం, పది రోజుల్లో దోమ లేచిపోద్దంట. మరి వారం వారం గోడలు రుద్దమంది అందుకే కదా! కారణం ఆమెకి తెలియదు, తోకాడించే పురుగు మాత్రం ఆమె గాబులో నేనెన్నడూ చూడలా.

కడిగాక పూటంతా ఎండకి వదిలేదాన్ని. సాయంత్రం నీళ్లు తోడి, తాటాకు తడిక కప్పేదాన్ని. ఎండ పడితే పాచి పడుద్ది కదా. ఇంకోటి, మర్నాటికి మించి నీళ్లు నింపనిచ్చేది కాదు అత్త. రోజూ తోడి రోజూ వాడితే నీళ్లకి మురిగే తీరికుండదు.

బావి సంగతి వేరు. దానికి ఏడాదికొకసారి, వైశాఖంలో నీళ్లు బాగా దిగినప్పుడు పూడిక తీత. మన నల్లరేగడి కాళ్లకంటుద్ది, చేంతాడుకంటుద్ది, చేద అడుగుకంటుద్ది, చివరికి బావిలోకే చేరుద్ది. అందుకే చేదని నేల మీద పెట్టనిచ్చేవాళ్లు కాదు. గట్టు మీద బండ, చేద దాని మీదే. చుట్టూ చప్టా బయటికి వాలుగా, వానచుక్క కూడా లోపలికి తిరగకుండా.

దిగే ముందు మీ తాత లాంతరు వెలిగించి తాడుతో దించేవాడు. ఒక ఏడు సగం దూరం పోయేసరికి మంట నీరసపడి ఆరిపోయింది. దిగటానికి గోచీ బిగించిన మనిషి గట్టు మీదే కూలబడ్డాడు. వేపమండ తాడుకి కట్టి పైకీ కిందకీ ఆడించారు, బిందెల కొద్దీ నీళ్లు కుమ్మరించారు. ఆ పూట ఎవర్నీ దిగనివ్వలా. మర్నాడు దీపం నిలిచాకే దిగారు. మీరు మాత్రం దీపం నిలిచింది కదా అని పాడుబడ్డ బావుల్లో, మూసిన సంపుల్లో దిగమాకండి. దీపం పట్టుకోలేని విషగాలి కూడా ఉంటదంట.

పూడిక తీశాక ఆరోగ్యశాఖ మనిషి వచ్చి తాడుతో లోతు, వెడల్పు కొలిచేవాడు. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల బ్లీచింగు అన్నది వాళ్ల లెక్క. పదడుగుల వెడల్పు బావిలో ఆరున్నర అడుగుల నీళ్లుంటే 14 వేల లీటర్ల పైచిలుకు, 36 గ్రాములు సరి. పొడిని తిన్నగా బావిలో చల్లేవాడు కాదు. బకెట్లో కలిపి, కాసేపు పేరనిచ్చి, పైతేట మాత్రమే బావిలో దించి కలిపేవాడు. అడుగున మిగిలింది సున్నం. మన నీళ్లలో ఉన్న సున్నం చాలదా? కాగు లోపల తెల్లగా పెచ్చు కట్టేది చూడటంలా? గంట ఆగి తోడుకోమనేవాడు. ‘మడ్డి తియ్యకుండా మందేస్తే మందుని మడ్డే తినేసుద్దమ్మా’ అనేవాడు. అదీ గుర్తు పెట్టుకోండి.

తొలకరిలో నీళ్లు బురదరంగు తిరిగితే చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేదాన్ని. తెల్లారేసరికి మన్నంతా అడుక్కి దిగి, పైన తేటనీళ్లు. అయినా బట్టలో వడగట్టకుండా తాగనిచ్చేది కాదు అత్త. దిగుడుబావుల కాలంలో నారికురుపు ఆమె కళ్లారా చూసింది. పుండు కాలితో ఒకరు మెట్లు దిగితే, ఆ నీళ్లలో కంటికానని పురుగుని తాగినవాళ్లకి ఏడాదికి కాల్లోంచి దారంలా నారి బయటికొచ్చేదంట. మన దేశంలో ఆఖరి కేసు 1996లో, లేదని ప్రకటించింది 2000లో. ఆ జబ్బుని తరిమింది మందుబిళ్ల కాదు, గుడ్డముక్క, మెట్లు పూడ్చిన బావులు.

తర్వాత బోరొచ్చింది, మోటారొచ్చింది. బావి మీద బండ పడింది, గాబు గొడ్ల కుడితికి పోయింది. మిద్దె మీద నల్ల ట్యాంకు ఎక్కింది. బటన్ నొక్కితే నీళ్లే, సుఖమే. కాదనను, నా నడుం బతికింది. పోయిందల్లా ఒకటే, నీళ్లు కంటికి కనపడటం. గాబులో రోజుకి పదిసార్లు నా మొహం నేను చూసుకునేదాన్ని, ఏ చిన్న తేడా అయినా తెలిసేది. ఈ ట్యాంకులో ఏముందో మూడేళ్లకి ఇవాళ తెలిసింది.

అందుకని రేపు కొత్త గొట్టాలు బిగించేటప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఇంట్లోకొచ్చే గొట్టం అడుక్కి నాలుగు వేళ్ల పైన ఉండాలి, మడ్డి కింద మిగిలిపోవాలి. మడ్డి వదలటానికి అట్టడుగున వేరే వాల్వు. ట్యాంకుని అటుకేసి వెంట్రుకవాసి వాల్చు. నీళ్లు ఒక పక్క పడి ఇంకో పక్క నుంచి పోవాలి, లేకపోతే మూల నీళ్లు మూలనే ముసలివైపోతయ్. పొంగు గొట్టానికి దోమ దూరని జాలీ. బోరు వేసిన కాసేపు బురదనీళ్లు చెట్లకి వదిలి, తేటవచ్చాకే పైకి తిప్పు. ఇంట్లో ఉండేది నలుగురం, వెయ్యి లీటర్లు నిండా నింపి మురగబెట్టమాకు.

ఏందీ, కానీ ఎక్కడుందా? నా ట్రంకుపెట్టెలో పసుపు గుడ్డలో ఉంది. రేపు కడిగాక తీసుకెళ్లి అడుగున వెయ్యి. మోకాళ్లు సహకరించక మిద్దె ఎక్కలేను గానీ, వారం వారం కిందనుంచి అడుగుతా. చిల్లి కనపడుతుందా లేదా అని. లోపలికి తొంగి చూడకుండా ‘ఆఁ’ అన్నావో, నాకు తెలిసిపోద్ది.