చారిటీవేర్: దానం అడిగే సాఫ్ట్‌వేర్

ఉచితంగా వాడుకోమని ఇచ్చి, బదులుగా తనకు కాకుండా ఎక్కడో అక్కరలో ఉన్నవాళ్లకు తోచినంత పంపమని రచయిత కోరే సాఫ్ట్‌వేర్‌ను చారిటీవేర్ అంటారు. కేర్‌వేర్ అన్న పేరూ ఉంది. దీనికి లోకమంతా ఎరిగిన ఉదాహరణ విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్. ప్రోగ్రాములు రాసేవాళ్లు పొద్దస్తమానం తెరిచి ఉంచుకునే పనిముట్టు అది. గుంటూరు, ప్రకాశం జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లోనూ లినక్స్ నేర్చుకునే పిల్లలకు మొదట పరిచయమయ్యేది ఇదో, దీని తాత 'వి'యో అయి ఉంటుంది.

అమ్మే సరుకు ధరమీద దానం కోసం కొంత కలిపి వసూలు చేసే పద్ధతిని కూడా కొందరు కేర్‌వేర్ లెక్కలోనే వేస్తారు. ఇది మన వ్యాపారులకు కొత్త కాదు. పాత చిట్టాల్లో ధర్మాదా అనే పద్దు ఇదే. కొనుగోలుదారు దగ్గర ధరతోపాటు ఇంత అని తీసుకుని, సత్రానికో బడికో గుడికో విడిగా ఉంచేవారు. ఆ సొమ్ము వ్యాపారి ఆదాయమా కాదా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడికి తెచ్చింది పత్తి వ్యాపారమే. నూలు, పత్తి బేళ్లమీద ధర్మాదా వసూలు చేసిన బిజ్లీ కాటన్ మిల్స్ కేసులో, అది ధర్మం కోసం చేతికొచ్చిన సొమ్మే తప్ప మిల్లు రాబడి కాదని 1970ల చివర కోర్టు తేల్చింది. అయితే ధర్మాదా బిల్లులోనే ఉంటుంది, కట్టక తప్పదు. అసలైన చారిటీవేర్‌లో బిల్లే లేదు.

సాఫ్ట్‌వేర్‌ను ముందు చేతిలో పెట్టి, డబ్బు సంగతి తరువాత వాడేవాళ్ల మనసుకు వదిలేయడం 1982లో మొదలైంది. ఆ ఏడాది అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్‌ను, జిమ్ నాఫ్ పీసీ-ఫైల్‌ను అలా పంచిపెట్టారు. తరువాత షేర్‌వేర్ అని పేరుపడింది ఈ పద్ధతికే. ఆ డబ్బు మాత్రం రచయితకే చేరేది. దాన్ని మూడో మనిషివైపు మళ్లించినవాళ్లలో ఆల్ స్టీవెన్స్ ఒకరు. డాక్టర్ డాబ్స్ జర్నల్ పత్రికలో సీ భాష మీద శీర్షిక నడిపిన ఆయన, 1990ల తొలినాళ్లలో తన డి-ఫ్లాట్ ప్రోగ్రాము కావాలని ఫ్లాపీ పంపే పాఠకులను ఒక డాలరు కూడా జతచేయమనేవారు. ఆ డాలరు ఫ్లోరిడాలోని బ్రెవర్డ్ కౌంటీలో ఆకలిగొన్నవాళ్లకు తిండి పెట్టే ఫుడ్ బ్యాంకుకు పోయేది. అరాక్నోఫిలియా అనే వెబ్ ఎడిటర్ రాసిన పాల్ లూటస్ అసలు డబ్బే వద్దన్నారు. కాసేపు సణుగుడు మానండి, అదే నాకు వెల అన్నారు. మంచి మాటే, కానీ దానివల్ల ఎవరి కడుపూ నిండదు. స్టీవెన్స్ అడిగిన డాలరుకు ఒక చిరునామా ఉంది. చారిటీవేర్ కథ ఆ దారినే ముందుకు సాగింది.

విమ్ రచయిత బ్రామ్ మూలెనార్ 1961లో నెదర్లాండ్స్‌లో పుట్టారు. డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. అమీగా కంప్యూటర్ కొన్నాక, యూనిక్స్‌లో అలవాటైన 'వి' ఎడిటర్ అందులో లేక వెలితిగా అనిపించింది. టిమ్ థాంప్సన్ రాసిన స్టీవీ అనే నకలును తీసుకుని 1988లో దానిమీద పని మొదలుపెట్టారు. 1991 నవంబరులో 1.14వ కూర్పు, ఫ్రెడ్ ఫిష్ పంచే ఉచిత డిస్కుల్లో 591వ దానిమీద బయటికొచ్చింది. మొదట విమ్ అంటే 'వి'కి అనుకరణ అనే అర్థం. 1992లో యూనిక్స్‌కు చేరాక, మెరుగుపరిచిన 'వి' అని అర్థం మార్చుకుంది.

1990ల మధ్యలో మూలెనార్ ఒక ఏడాది స్వచ్ఛందంగా ఉగాండా వెళ్లారు. దక్షిణాన టాంజానియా సరిహద్దు దగ్గర, రకాయ్ ప్రాంతంలో కిబాలె అనే చిన్న ఊరు అది. అక్కడి పిల్లల కేంద్రంలో నీటి సరఫరా, పారిశుధ్యం చూసే ఇంజనీరుగా ఆయన పనిచేశారు. బడి, చిన్న దవాఖానా, మరుగుదొడ్లకు వేసే సిమెంటు పలకల తయారీ ఆ కేంద్రం నడిపే పనుల్లో కొన్ని. పలకలను అయిన ఖర్చుకన్నా తక్కువకే ఊరివాళ్లకు అమ్మేవారు. ఊరికే ఇవ్వకుండా కొద్దిపాటి వెల పెట్టడంలో ఎదుటివాడి మర్యాద కాచే పద్ధతి ఉందని ఈ వ్యాసకర్త నమ్మకం.

రకాయ్ కథ బరువైనది. అక్కడ విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కసెన్సెరో అనే జాలరి పల్లెలో 1982 ప్రాంతంలో మనుషులు చిక్కి శల్యమై చనిపోతుంటే, ఊరివాళ్లు ఆ జబ్బును 'స్లిమ్' అన్నారు. అది ఎయిడ్స్. నడివయసువాళ్లు పోయి, ముసలివాళ్లూ పిల్లలూ మిగిలిన ఇళ్లెన్నో. తిరిగి వచ్చాక ఆ పిల్లల కోసం మూలెనార్ ఐసీసీఎఫ్ హాలండ్ అనే సంస్థను స్థాపించి, తన ఎడిటర్‌ను దానికి ముడిపెట్టారు.

ముడిపెట్టిన తీరు గమనించదగ్గది. ఫైలు పేరు ఇవ్వకుండా విమ్ తెరిస్తే ఖాళీ తెర వస్తుంది. ఎడమ అంచున పైనుంచి కిందికి టిల్డ గుర్తుల వరుస. నడిమధ్య కొన్ని పంక్తులు: పేరు, కూర్పు సంఖ్య, రచయిత. వాటి కింద ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయమని ఒకే ఒక్క మాట, వివరాలకు ఏం టైపు చేయాలో ఇంకొక పంక్తి. ఒక్క మీట నొక్కి రాయడం మొదలుపెట్టగానే అంతా మాయమవుతుంది. గంట మోగదు, కిటికీ అడ్డం పడదు, గడువు తీరిపోదు. విమ్ వాడుక హక్కుల పత్రం కూడా, కిబాలె పిల్లల సంగతి చెప్పే సహాయ ఫైలులోనే ఉంటుంది. దాని పేరు ఉగాండా.టీఎక్స్‌టీ. ఏ హక్కులున్నాయో చూద్దామని వెళ్లినవాడికి ఆ ఊరు కనబడి తీరుతుంది.

దానం అక్కడ విన్నపమే, షరతు కాదు. ఈ తేడామీదే విమ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా, అంటే ఎవరైనా ఏ పనికైనా వాడుకోగలదిగా, నిలబడింది. డబ్బు ఇస్తేనే వాడాలి అని రాసి ఉంటే ఆ హోదా దక్కేది కాదు. మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు అని డగ్లస్ క్రాక్‌ఫర్డ్ అనే ప్రోగ్రామర్ తన జేసన్ లైసెన్సులో పెట్టిన సదుద్దేశపు షరతును కూడా ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఒప్పుకోలేదు. విమ్ లైసెన్సు 2002లో వచ్చిన 6.1 కూర్పునుంచి జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుతోనూ పొసిగింది. 2006లో గూగుల్‌లో ఉద్యోగం వచ్చి తన జీవనానికి లోటు లేకపోయాక, విమ్ అభివృద్ధి కోసమని స్పాన్సర్లు పంపే సొమ్మును కూడా మూలెనార్ ఉగాండాకే మళ్లించారు. 2014లో విమ్‌నుంచి చీలి వచ్చిన నియోవిమ్ కూడా ఆ విన్నపాన్ని తన తెరమీదికి తెచ్చుకుంది.

ఆ విన్నపాన్ని గుంటూరు సీమ ఎలా చదివి ఉండాలి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా వ్యాపించిన రాష్ట్రాల్లో ఒకటి. అందులో గుంటూరు, ప్రకాశం జిల్లాలు ముందు వరుసలో ఉండేవి. 2004-05లో లలిత్ దండోనా అనే పరిశోధకుడి బృందం గుంటూరు జిల్లాలో 66 గ్రామ, పట్టణ ప్రాంతాల్లో ఇంటింటికీ తిరిగి 12,617 మంది రక్తం పరీక్షించింది. 15-49 ఏళ్లవాళ్లలో 1.72 శాతం మందికి హెచ్ఐవీ ఉందని తేలింది. అప్పటి అధికారిక పద్ధతి ప్రకారం వేసిన అంచనా దీనికి రెట్టింపుకన్నా ఎక్కువ. ఆసుపత్రులకు వచ్చినవాళ్లను మాత్రమే చూసి జిల్లా మొత్తాన్ని లెక్కకట్టడం వల్ల వచ్చిన తేడా అది. దేశమంతటి లెక్కను సరిచూసుకోవడానికి ఈ సర్వే కూడా ఒక కారణమైంది. 2007లో భారతదేశపు అంచనా 50 లక్షలకు పైనుంచి సుమారు 25 లక్షలకు దిగింది. అంకె సగమైనా, పత్తి ఏరే కూలి తల్లి పోయి అమ్మమ్మ దగ్గర పెరిగిన పిల్లవాడి బాధ సగం కాలేదు. రకాయ్ ఇళ్లలో జరిగినదే ఇక్కడి పల్లెల్లోనూ జరిగింది.

అయినా ఇక్కడి ల్యాబుల్లో ఆ పంక్తి చాలామంది కంట పడకపోవడానికి ఒక చిన్న కారణం ఉంది. రికార్డులో రాసుకున్న ప్రోగ్రాము చేసేటప్పుడు విద్యార్థి కమాండు పక్కనే ఫైలు పేరు కూడా కొడతాడు. పేరు ఇచ్చి తెరిస్తే విమ్ స్వాగతపు తెర చూపించదు, నేరుగా ఫైలులోకి వెళ్తుంది. ఏ పేరూ ఇవ్వకుండా తెరిచి, బయటికి రావడం తెలియక తడబడిన కుర్రవాడికే ఉగాండా పిల్లలు కనబడతారు.

తెలుగులో స్వేచ్ఛగా పంచిన సాఫ్ట్‌వేర్‌కు కొదవ లేదు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఖతులను ఊరికే ఇచ్చారు. వెన్న నాగార్జున పద్మ అనే లిపి మార్పిడి పనిముట్టును, వీవెన్ లేఖినిని ఇచ్చారు. స్వేచ్ఛ సంస్థ తెలుగులో లినక్స్ తెచ్చింది. వీళ్లు డబ్బు అడగలేదు. తెలుగు రాయమన్నారు, తెలుగు వికీపీడియాకు చేయి కలపమన్నారు. దానికి శ్రమదానం అన్న పాత మాటే సరిపోతుంది. మన పిల్లవాడి ఫీజుకో మందులకో పంపమని తెరమీద అడిగిన తెలుగు ఎడిటర్ అంటూ ఈ వ్యాసకర్త ఎరిగినంతలో ఏదీ లేదు. అడగడానికి పెద్ద ఖర్చేమీ లేదు, ఒక పంక్తి చాలు.

మూలెనార్ 2023 ఆగస్టు 3న కన్నుమూశారు. క్రిస్టియన్ బ్రాబాంట్, మరికొందరు బాధ్యత తీసుకుని 2024 జనవరి 2న 9.1 కూర్పును విడుదల చేసి ఆయనకు అంకితమిచ్చారు. అందులోనూ తెర నడుమ ఉగాండా పంక్తి ఉంది.