తీగకు గుచ్చని ఉత్తరాలు

టీవీలో ఎవరినైనా ‘సోషలిస్టు’ అన్నారంటే మా పక్కింటి పెద్దావిడ మొహం చిట్లిస్తుంది. ఇక్కడ అమెరికాలో అది తిట్టు. అదే పెద్దావిడ సాయంత్రం మిషిగన్ సరస్సు ఒడ్డున నాతో నడుస్తూ, పచ్చిక మీద చెయ్యి తిప్పి, “ఈ పార్కులన్నీ మా సోషలిస్టుల చలవే” అని మురిసిపోతుంది. మిల్వాకీ వచ్చిన కొత్తలో ఇదేం తిరకాసో నాకు అంతుబట్టలేదు.

తర్వాత తెలిసింది. ఈ ఊరు 1910లో ఎమిల్ సైడెల్ అనే సోషలిస్టును మేయర్‌ని చేసింది. ఆ తర్వాత డేనియల్ హోన్ 24 ఏళ్లు, ఫ్రాంక్ జైడ్లర్ 12 ఏళ్లు ఏలారు. మధ్యలో ఎవరెవరు వచ్చిపోయారో ఆ జాబితా నాకే విసుగు, మీకెందుకు! ఎప్పుడు చూసినా మురుక్కాలవలు, మంచినీళ్ల గొడవేనని న్యూయార్క్ సోషలిస్టులు వీళ్లను ‘మురుక్కాలవ సోషలిస్టులు’ అని వెక్కిరించారట. వీళ్లు ఆ వెక్కిరింపునే బిరుదుగా తగిలించుకున్నారు.

నాకు మాత్రం ఈ మేయర్లందరికన్నా ఒక టీచరమ్మ నచ్చింది. పేరు మెటా బర్గర్. మిల్వాకీలోనే పుట్టి, ఇక్కడి బళ్లలోనే పాఠాలు చెప్పి, ఒకప్పుడు తనకు జర్మన్ నేర్పిన విక్టర్ బర్గర్ మాస్టారినే 1897లో పెళ్లి చేసుకుంది. ఈ సంగతి ఫోన్లో చెబితే మా అమ్మ “గురువునా!” అని చెంపలు వేసుకుంది.

ఆ మాస్టారు 1910లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొట్టమొదటి సోషలిస్టు అయ్యారు. ఆయన వాషింగ్టన్‌లో, ఆవిడ మిల్వాకీలో. అందుకే ఇన్ని ఉత్తరాలు మిగిలాయి. మొగుడూ పెళ్లాం ఒకే గడప లోపల ఉంటే చరిత్రకు దక్కేదేముంది? ఇప్పుడవి మాడిసన్‌లో, విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీలో భద్రంగా ఉన్నాయి. కొన్నిటిని 1995లో పుస్తకంగా వేశారు. చివరి రోజుల్లో ఆవిడ రాసుకున్న జ్ఞాపకాలు కూడా 2001లో అచ్చయ్యాయి. పార్టీ కబుర్లూ పిల్లల కబుర్లూ ఆ ఉత్తరాల్లో కలగలిసి ఉంటాయి, పులిహోరలో పోపులాగా.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో దిగింది. బర్గర్ తన పత్రిక ‘మిల్వాకీ లీడర్’లో ఆ యుద్ధాన్ని వ్యతిరేకించారు. సర్కారు ముందు ఆ పత్రికకు చవక తపాలా రేటు తీసేసింది. ఆ మీదట, ఆఫీసుకు వచ్చే ఉత్తరాలను కూడా అందనివ్వకుండా వెనక్కి పంపేసింది. 1918 నవంబరులో ఓటర్లు ఆయన్ని మళ్లీ కాంగ్రెస్‌కు పంపారు. మూడు నెలలకు కోర్టు 20 ఏళ్ల జైలుశిక్ష వేసింది. ఆ శిక్ష మీద అప్పీలు నడుస్తుండగానే సభ ఆయన్ని కూర్చోనివ్వలేదు. ఉప ఎన్నిక పెడితే ఊరు మళ్లీ ఆయన్నే గెలిపించింది. సభ మళ్లీ గెంటేసింది. 1921లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసేదాకా ఆ ఇంటి మీద 20 ఏళ్ల కత్తి వేలాడుతూనే ఉంది.

ఆ కత్తి కింద కూర్చునే మెటా బడి పనులు చూసుకుంది. అంతకు చాలా ముందే, 1909లో, మిల్వాకీ స్కూలు బోర్డుకు ఎన్నికైంది. ఆడవాళ్లకు దేశమంతటా ఓటు హక్కు రావడానికి అప్పటికింకా 11 ఏళ్లుంది! 1939 వరకు, ముప్పై ఏళ్లు, ఆ బోర్డును వదల్లేదు. మధ్యలో ఒకసారి అధ్యక్షురాలు కూడా అయింది. ఆవిడ పోట్లాడినవి ఆటస్థలాలు, పిల్లలకు డాక్టరు పరీక్షలు, టీచర్లకు సరైన జీతం, పింఛను. ఇంకా, పెన్నీ లంచ్. ఒక్క సెంటుకు బళ్లో పిల్లవాడికి తిండి.

పెన్నీ లంచ్ అన్న మాట చదవగానే నాకు తెనాలి దగ్గర మా ఎలిమెంటరీ స్కూలు వాసన వచ్చేసింది. గోధుమ రవ్వ ఉప్మా. ఆ రవ్వ సంచుల మీద కలిపిన రెండు చేతుల బొమ్మ ఉండేది. అమెరికా నుంచి వచ్చిన గోధుమ అని మాస్టారు చెప్పేవారు. తాలింపులో నూనె తగిలిందో లేదో తెలిసేది కాదు, అడుగంటిన మాడు మాత్రం ఘుమఘుమలాడేది. ఆ మాడు కోసం వరసలో చివర నిలబడేదాన్ని. తర్వాత ఇన్ని దేశాలు తిరిగి ఎన్ని హోటళ్లలో తిన్నానో! ఆ మాడు మళ్లీ దొరకలేదు. ఆ సంచులకూ మెటాకూ సంబంధం ఏమీ లేదు. అయినా నా లెక్కలో ఆవిడ మా ఉప్మా గరిటె పట్టుకునే నిలబడి ఉంటుంది.

ఇంకో ముచ్చట. ఇంత పోరాటాల ఇంటి పెద్దమ్మాయి డోరిస్ ఏం చేసిందనుకున్నారు? భర్తతో కలిసి ‘జనరల్ హాస్పిటల్’ అనే టీవీ సీరియల్ సృష్టించింది. అది 1963లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. మన సీరియళ్లకు అంతు లేదని విసుక్కునే మా వదినకు ఇది చెప్పి నోరు మూయించాను.

మెటా గురించి నాకు మింగుడు పడనిది ఒకటుంది. విక్టర్ 1929లో ట్రామ్ ఢీకొని పోయారు. ఆవిడ 1935లో సోవియట్ యూనియన్ చూసి వచ్చి, మెల్లగా కమ్యూనిస్టుల వైపు జరిగింది. అంత తెలివిగల మనిషి అక్కడ వాళ్లు చూపించిందే చూసి వచ్చిందా అనిపిస్తుంది. అలా అనడానికి నాకేం హక్కుంది? ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి పేజీలతో పుస్తకాలకు అట్టలు వేసుకుని, ఆ రంగురంగుల ట్రాక్టర్లను, బుగ్గలు ఎర్రగా ఉన్న పిల్లల్ని నిజమని నమ్మినదాన్నే నేనూ.

మా నాన్నా బడి పంతులే. యూనియన్ సమావేశాలకు ఊళ్లు తిరిగేవారు. వెళ్లిన ప్రతి ఊరి నుంచీ అమ్మకు కార్డు రాసేవారు: ఫలానా మాస్టారి బదిలీ ఆగింది, దొడ్లో బీరపాదుకు నీళ్లు పొయ్యి, పెద్దదానికి ఎక్కాలు చెప్పు. అమ్మ అవన్నీ వంకీ తీగకు గుచ్చి దూలానికి తగిలించేది. మాడిసన్ వెళ్లి మెటా ఉత్తరాలు చూసి వచ్చిన రాత్రి అమ్మకు ఫోన్ చేసి ఆ కార్డులు ఏమయ్యాయని అడిగాను.

“ఇల్లు సున్నం వేయించినప్పుడు పాత పేపర్లవాడికి ఇచ్చేశానే. చెదలు పట్టాయి” అంది.

తీగ మాత్రం ఉందట. కరెంటు బిల్లులు గుచ్చుతోంది.