నార్త్ షోర్ సైకిల్ బాటలు

కెనడాలోని వాంకూవర్‌కు ఉత్తరాన, సముద్రపాయ ఆవలి ఒడ్డున ఉన్న ఫ్రోమ్, సీమోర్, సైప్రస్ కొండల అడవుల్లోని మౌంటెన్ బైకింగ్ బాటలు. 1980ల నుంచి స్థానిక సైకిలిస్టులే వీటిని తవ్వుకుంటూ వచ్చారు. పసిఫిక్ తేమగాలుల వల్ల ఇక్కడ వానలెక్కువ. అడుగడుగునా బురద, బండలు, చెట్ల వేళ్లు. వాటిని దాటడానికి పడిపోయిన సెడార్ మానులను చీల్చి, నిచ్చెన మెట్లలా బిగించి చెక్క వంతెనలు కట్టారు. అవసరం కొద్దీ పుట్టిన ఆ వంతెనలే క్రమంగా ఎత్తు పెరిగి, ఇరుకై, సాహసానికి కొలమానమయ్యాయి; ఫ్రీరైడ్ అనే సాహస సైక్లింగ్ శైలికి ప్రపంచమంతటా పేరు తెచ్చాయి. అందరి కళ్లూ వంతెనల మీదే ఉన్నా, నిజానికి బాటను నిలబెట్టేది నీటిని మళ్లించే పని. వాన నీరు పక్కకు పోకపోతే మట్టి కొట్టుకుపోయి వేళ్లు తేలతాయి. 1997లో ఏర్పడిన నార్త్ షోర్ మౌంటెన్ బైక్ అసోసియేషన్ స్వచ్ఛంద కార్యకర్తలతో ఈ మరమ్మతులు చేయిస్తోంది.