ఖాళీ నిజమేనా? మచిలీపట్నం కేసు నుంచి ఎన్‌సీఎస్ పోర్టల్ దాకా

ప్రభుత్వ జాబ్ పోర్టల్‌లో ఒక ఖాళీ కనిపిస్తే మన ఇళ్లల్లో అందరూ ఒకటే అంటారు: "గవర్నమెంట్ సైట్ కదా, నిజమే అయ్యుంటుంది." ఈ రోజు ఎపిసోడ్ ఆ "అయ్యుంటుంది" గురించే. ఖాళీ నిజంగా ఉందా లేదా అని చూసే పని మన దేశంలో ఎవరిది? దీనికి జవాబు కావాలంటే 80 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. మధ్యలో మన కృష్ణా జిల్లా కూడా వస్తుంది, చివరిదాకా చూడండి.

1945 జులై. రెండో ప్రపంచ యుద్ధం ముగింపుకొచ్చింది. సైన్యం నుంచి ఇంటికొచ్చే లక్షల మందికి పని చూపించాలి. అందుకోసం బ్రిటిష్ సర్కారు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు పెట్టింది. 1948కల్లా వాటిని అందరికీ తెరిచారు. తర్వాత శివరావు కమిటీ సిఫార్సు మీద వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికొచ్చింది. ఏ తేదీనో తెలుసా? 1956 నవంబర్ 1. అవును, ఆంధ్రప్రదేశ్ పుట్టిన రోజే!

ఇక్కడి నుంచి మన అమ్మానాన్నల తరం కథ. ఎక్స్ఛేంజ్‌కి వెళ్లడం, ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించడం, కార్డు తీసుకోవడం, రెన్యువల్ డేట్ మర్చిపోకుండా చూసుకోవడం. మర్చిపోతే సీనియారిటీ పోతుంది. అంటే నిరుద్యోగి నిజమైనవాడేనా అని గట్టిగా చెక్ చేసేవాళ్లు. మరి ఖాళీ నిజమైనదేనా అని?

దానికి ఒక చట్టం వచ్చింది. 1959లో చేశారు, 1960 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. పేరు కొంచెం పెద్దది, సింపుల్‌గా "ఖాళీలను తప్పనిసరిగా తెలియజేసే చట్టం" అనుకుందాం. ప్రభుత్వ సంస్థలు, 25 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎక్స్ఛేంజ్‌కి చెప్పాలన్నారు. మూణ్నెల్లకోసారి లెక్కలు పంపాలన్నారు. రికార్డులు తనిఖీ చేసే అధికారం కూడా అధికారులకి ఇచ్చారు.

బాగానే ఉంది కదా? ఇప్పుడు జరిమానాలు చూడండి. ఖాళీని చెప్పకుండా దాచితే మొదటిసారి 500 రూపాయల వరకు. తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే? 250 వరకు. అబద్ధానికి పడే శిక్ష, దాచినదానికి పడేదాంట్లో సగం! చట్టం చేసినవాళ్ల భయం అంతా "యజమాని ఖాళీలు దాచేస్తాడేమో" అని. లేని ఖాళీని ఉన్నట్టు చూపించేవాడు వస్తాడని వాళ్లు పెద్దగా ఊహించలేదనిపిస్తుంది.

ఇంకో విషయం. వ్యవసాయ పనులకి ఈ చట్టం వర్తించలేదు, ట్రాక్టర్ లాంటి యంత్రాలు నడిపే ఉద్యోగాలకి తప్ప. కృష్ణా డెల్టాకి ఇది పెట్టి చూడండి. నాట్లేసేవాళ్లు, కోతలకెళ్లేవాళ్లు, అంటే ఇక్కడ ఎక్కువమందికి పని దొరికే చోటే ఆ రిజిస్టర్‌లో లేదు. లెక్క మొదటి నుంచీ సగమే.

ఇప్పుడు మన జిల్లా కేసు. ఎక్సైజ్ శాఖలో ఉద్యోగాలు. ఎక్స్ఛేంజ్ పంపిన జాబితాలో ఉన్నవాళ్లనే చూస్తామన్నారు. జాబితాలో పేరు రానివాళ్లు మమ్మల్నీ చూడండి అన్నారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1996 ఆగస్టులో తీర్పు. లా రిపోర్టుల్లో ఈ కేసు "ఎక్సైజ్ సూపరింటెండెంట్, మల్కాపట్నం, కృష్ణా జిల్లా" అనే పేరుతో ఉంటుంది. మల్కాపట్నం ఎక్కడ అని మ్యాప్‌లో వెతక్కండి, మన జిల్లా కేంద్రం మచిలీపట్నం! ఉద్యోగాల కేసుల్లో దేశమంతా లాయర్లు చెప్పే తీర్పు, ఆ పేరుతోనే తిరుగుతోంది.

కోర్టు చెప్పింది ఇది. ఎక్స్ఛేంజ్‌కి చెప్పండి, కానీ అక్కడితో ఆగొద్దు. ఎక్కువమంది చదివే పేపర్లో వేయండి, ఆఫీసు నోటీసు బోర్డు మీద పెట్టండి, రేడియోలో, టీవీలో, ఎంప్లాయ్‌మెంట్ బులెటిన్లలో చెప్పండి. అప్లై చేసిన అందరినీ పరిశీలించండి. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్నా పేరు పంపనివాళ్లకి ఇది తలుపు తెరిచింది. చాలా మంచి తీర్పు.

కానీ గమనించండి. ఈ తీర్పు తేల్చిన ప్రశ్న "ఖాళీ సంగతి అందరికీ తెలిసిందా?" అని. "ఆ ఖాళీ నిజమా?" అన్నది అప్పటి సమస్య కాదు, ఎందుకంటే ఉద్యోగం ఇచ్చేది సర్కారే. ఇంటర్నెట్ వచ్చాక సీన్ రివర్స్ అయింది. అందరికీ తెలియజేయడం ఫ్రీ అయిపోయింది. నిజమో కాదో తేల్చడమే కష్టమైంది.

2015 జులై 20న కేంద్ర కార్మిక శాఖ నేషనల్ కెరీర్ సర్వీస్, అంటే ఎన్‌సీఎస్ పోర్టల్ మొదలుపెట్టింది. ఇందులో ప్రైవేటు ఖాళీలూ ఉంటాయి, ప్రైవేటు జాబ్ సైట్లతో ఒప్పందాలూ ఉన్నాయి. అభ్యర్థికి ఫ్రీ. ఇక్కడ ఒక ఇంజనీర్ మాట చెప్తాను. ఫారంలో ఫోన్ నంబర్‌కి పది అంకెలు ఉన్నాయా అని కోడ్ చూడగలదు. పాన్ నంబర్ సరైనదా అనీ చూడగలదు. కానీ ఆటోనగర్‌లో ఆ షాపు షట్టర్ ఎత్తి ఉందా, ఆ పోస్టు నిన్ననే నిండిపోయిందా అన్నది ఏ కోడూ చూడలేదు. అది మనిషి ఫోన్ చేసి అడగాల్సిన పని.

ఇది మన ఒక్కళ్ల సమస్య కాదు. బ్రిటన్ 2012లో యూనివర్సల్ జాబ్‌మ్యాచ్ అనే ప్రభుత్వ సైట్ పెట్టింది. కొద్దిరోజులకే ఒక టీవీ చానల్ చూపించింది: నకిలీ యజమాని అకౌంట్‌తో యాడ్ పెట్టి నిరుద్యోగుల వివరాలు లాగొచ్చని. 2014లో నకిలీ, డూప్లికేట్ యాడ్ల మీద ఎంపీ ఫ్రాంక్ ఫీల్డ్ గట్టిగా ప్రశ్నించారు. 2018లో ఆ సైట్ తీసేసి కొత్తది పెట్టారు. అంత డబ్బున్న దేశానికే ఆరేళ్లు పట్టింది.

చెక్ చేయకపోతే నష్టం ఎంత? 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగం అని ఏజెంట్లు తీసుకెళ్లారు. అక్కడ సైబర్ మోసాలు చేయించారు. ఆ పిల్లలు పోర్టల్‌లో మోసపోలేదు. కానీ "ఈ ఉద్యోగం నిజమా" అని అడిగితే నమ్మకంగా జవాబు చెప్పే ఒక చోటు వాళ్లకి దగ్గర్లో ఉండుంటే?

అందుకే నా వాదన ఇది. పోర్టల్ గొప్పతనం ఎన్ని లక్షల ఖాళీలు ఉన్నాయన్న అంకెలో లేదు. ప్రతి ఖాళీ పక్కనా మూడు విషయాలు కనిపించాలి: ఎవరు చెక్ చేశారు, ఏ తేదీన చేశారు, చివరికి ఎంతమందిని తీసుకున్నారు. 1959 చట్టం ఇప్పుడు 2020 సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిసింది, ఎక్స్ఛేంజ్ పేరు కెరీర్ సెంటర్‌గా మారింది. పేరుతో పాటు ఈ అలవాటు కూడా మారాలి.

అప్పటిదాకా మన జాగ్రత్త మనది. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అంటూ వ్యక్తి ఫోన్‌పేకి పంపమంటే ఆగిపోండి. సైట్ చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూడండి. కంపెనీ నంబర్ యాడ్‌లోంచి కాకుండా విడిగా వెతికి ఫోన్ చేయండి. విదేశీ ఉద్యోగమైతే ఈ-మైగ్రేట్ సైట్‌లో ఆ ఏజెంట్ పేరు ఉందో లేదో చూడండి. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయండి.

మీ ఇంట్లో పాత ఎక్స్ఛేంజ్ కార్డు ఉంటే, దాని మీద ఎన్నిసార్లు రెన్యువల్ స్టాంపు పడిందో కామెంట్‌లో రాయండి. ఎన్ని కాల్ లెటర్లు వచ్చాయో కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.